తుయో ఉప్పు

మా చెల్లెలు సుశీల చిన్నప్పుడు దేనికీ భయపడేది కాదు. మలక్‌పేటలో మా సందులోకి కుక్కలు ఎగబడితే మేమంతా గోడలెక్కేవాళ్ళం, అది మాత్రం నిలబడి రాయి తీసేది. అలాంటి మనిషికి నలభై దాటాక రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి అత్తగారి ముక్కు, రెండోది భర్తగారి బీపీ. రెండింటికీ మూలం ఒక ఎండుచేప. జానెడు పొడవు కూడా ఉండదు. ఫిలిప్పీన్స్ దేశంలో ఉప్పులో ఊరబెట్టి ఎండలో వేస్తారట, తుయో అంటారు. మా వంశంలో ఎవరి నోటా రావాల్సిన పేరు కాదది. వచ్చింది, ఏం చేస్తాం?

సుశీలను ఇచ్చింది గౌలిపురాలో వైశ్యుల ఇంటికి. మీరాలం మండి దగ్గర వాళ్ళకు తాతల నాటి ఇంగువ దుకాణం ఉంది, టోకు వ్యాపారం. గుళ్ళలో పులిహోర కలిపే స్వాములు, పెళ్ళిళ్ళకు వండే బ్రాహ్మణ వంటవాళ్ళు అక్కడే కొంటారు. ఆ ఇంటి చెయ్యి శుభ్రమైనదని పేరు. ఆ పేరు మీదే దుకాణం నడుస్తోంది. అత్తగారు మాణిక్యమ్మ ఇంగువ ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని అందులో ఎంత పిండి కలిసిందో చెప్పేస్తుంది. పెద్ద కొడుకు సత్యనారాయణ కొత్త సరుకు రాగానే నమూనా ముందు ఇంటికి తెచ్చి తల్లికి చూపించాకే బేరం ఖాయం చేస్తాడు. ఉల్లిగడ్డ కోసిన పూట దేవుడి గది తలుపు మూసే ఇల్లది.

ఆ ఇంటి చిన్న కొడుకు, అంటే మా మరిది అమరనాథ్, దుకాణంలో అన్న కింద ఉండలేక దుబాయ్ వెళ్ళాడు. ఒక గోదాములో లెక్కలు రాసే పని. కంపెనీ ఇచ్చిన గదిలో ఫిలిప్పీన్స్ వాళ్ళతో పాటు పడుకోవాల్సి వచ్చింది. మొదట్లో వాళ్ళు చేపలు వేయిస్తుంటే ఈయన మెట్ల మీదకు పోయి కూర్చునేవాడట. ఒకసారి విషజ్వరం వచ్చి మంచం దిగలేకపోతే, పక్క మంచం మీది జోజో అనే అతను సెలవు పెట్టి మరీ కనిపెట్టుకున్నాడు. నోరు చేదెక్కి ఏదీ దిగని మనిషికి జావలో తుయో ముక్క చిదిపి పెట్టాడు. తెలిసే తిన్నానని అమరనాథ్ తర్వాత సుశీలతో చెప్పాడు. "అమ్మ యాదికొచ్చిందే. అమ్మ లేదు, వాడున్నడు" అన్నాడట. పాపం అనిపిస్తుంది. కానీ జ్వరం తగ్గాక మానేయొచ్చు కదా! మానలేదు. ఏళ్ళ తరబడి తిన్నాడు.

కరోనా తర్వాత ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాడు. సుశీల సూట్‌కేసు తెరిచి, ఎలుక చచ్చిందనుకుని బట్టలన్నీ దులిపింది. ఎలుక దొరకలేదు, తువ్వాలలో చుట్టిన ప్యాకెట్టు దొరికింది. సంగతి విన్నాక బాత్రూంలోకి పోయి వాంతి చేసుకుంది. బయటికొచ్చి, "అత్తమ్మకు తెలిస్తే?" అంది.

"తెల్వనియ్యం" అన్నాడాయన, ఏదో తన చేతిలో ఉన్నట్టు.

మానిపించాలని చూసింది. అలిగింది, ఏడ్చింది, ఒట్టు పెట్టించుకుంది. మనిషి నాలుగు రోజులు మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒక ఎండుచేప తినాల్సిందే అయితే బేగంబజార్‌లో కుప్పలున్నాయి కదా అంటే, "గది వేరే, ఇది వేరే" అన్నాడు. చివరికి సుశీలే ఒక షరతు పెట్టింది. ఇంట్లోకి రాకూడదు. వేయించేది తనే, ఎందుకంటే ఆయన మాడ్చి పొగ లేపి ఊరందరినీ పిలుస్తాడు. తినేది జల్‌పల్లిలో.

జల్‌పల్లిలో వాళ్ళకొక చిన్న ప్లాటుంది. చుట్టూ గోడ, మూలకు ఒక రేకుల గది. పాతబస్తీలో సగం మందికి అటువైపు ఇలాంటి ముక్క ఒకటి ఉంటుంది, ఆదివారం పొద్దున పోయి గోడ నిలబడి ఉందో, ఎవడైనా జరిపాడో చూసుకుని రావడం ఒక ఆచారం. అందుకే మొగుడూ పెళ్ళాం బండెక్కి పోతుంటే ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మాణిక్యమ్మ చుట్టాలతో మెచ్చుకునేది: "మా చిన్నోనికి భూమి మీద మస్తు ఫికరు."

అమరనాథ్‌కు తెలిసిన బార్కస్ యూసుఫ్ భాయ్ తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్లా జోజో పంపిన ప్యాకెట్లు తెచ్చేవాడు. రేకుల గదిలో ఒక స్టవ్వు, ఒక పెనం. సుశీల కొంగుకు కర్పూరం ముడి వేసుకుని, అది ముక్కుకు అడ్డం పెట్టుకుని చేపల్ని అటూ ఇటూ తిప్పేది. ఆయన వెల్లుల్లి వేసిన అన్నంలో తుయో చిదిపి, వెనిగర్ చల్లుకుని, కళ్ళు మూసుకుని తినేవాడు. మా చెల్లెలు గేటు దగ్గర నిలబడి కాపలా. నిజానికి ఆ కాలనీలో ఎవరింట్లో ఏం వేగుతుందో ఎవరికీ పట్టదు. అయినా ఆటో ఆగితే గుండె ఆగేది దీనికి.

తిరిగి నేరుగా గౌలిపురా పోయే ధైర్యం లేక సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చేది. అలా తెలిసింది నాకు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే నేను ముక్కు మూసుకున్నాను, అది నా కాళ్ళ మీద పడినంత పని చేసింది. నెత్తి మీద నా చెయ్యి పెట్టుకుని ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో కుంకుడుకాయలు నానేవి. తలంటుకుని, మా బీరువాలో దాచుకున్న చీర కట్టుకుని పోయేది. ఇంగువ కట్టిన గుడ్డ అంటారు గానీ, ఎండుచేప వేయించిన పెళ్ళాం జుట్టు సంగతి పెద్దలెవరూ చెప్పలేదు. మూడు నీళ్ళు పోసినా పోయేది కాదు.

ఇంటికి పోతే మాణిక్యమ్మ గడప మీదే కూర్చుని ఉండేది. సుశీల దాటుతుంటే అలవాటుగా ఒకసారి ముక్కు ఎగబీల్చేది. అంతే, ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడంతో దీనికి ఇంకా వణుకు పుట్టేది. అడగని ప్రశ్నకు తనే జవాబు చెప్పేది: "మా అక్క పెట్టెల కలరా ఉండలు ఏస్తది అత్తమ్మా, గదే వాసన." ఆమె "ఊ" అని జపమాల తిప్పుకునేది.

రెండో భయం అలాంటప్పుడు వచ్చింది. అమరనాథ్ దుకాణంలో తల తిరిగి బస్తా మీద కూలబడ్డాడు. సత్యనారాయణ తమ్ముణ్ణి ఆ ఇంటికి ఎప్పటినుంచో తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, సుశీల కూడా పోయింది. బీపీ చూసి డాక్టరు కనుబొమలు ఎగరేశాడు. పచ్చళ్ళా, అప్పడాలా, ఊరమిరపకాయలా అని అడిగాడు. ఆ తర్వాత నవ్వి, "మీ ఇంట్ల ఇంక అడిగేదేముంది, మీరు ప్యూర్ వెజ్ కదా" అని మందులు రాశాడు. అన్న పక్కనే కూర్చుని ఉన్నాడు. అమరనాథ్ నోరు విప్పలేదు. సుశీల చెప్పబోయి, బావగారి ముఖం చూసి మింగేసింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంట చప్పగా చేశారు. కావలసినవాళ్ళు కంచంలో ఉప్పు కలుపుకోవాలి, అమరనాథ్‌కు మాత్రం ఉప్పు గిన్నె అందనివ్వరు. పచ్చడి జాడీలు అటక ఎక్కాయి. నాలుక చచ్చిపోయిన మనిషి ఏం చేస్తాడు? జల్‌పల్లి పరుగెత్తుతాడు. ఆదివారం చాలలేదు, మంగళవారం గోడ చూడాలన్నాడు, గురువారం బోరు మాట్లాడాలన్నాడు. ప్యాకెట్టు పలచబడుతుంటే, తను లేకుండానే వేయించుకుంటున్నాడని సుశీలకు అర్థమైంది.

"మీ కాళ్ళు మొక్కుత, బంజెయ్యిండ్రి. అండ్ల ఉన్నదంతా ఉప్పేనట" అంది.

"ఒక్క ముక్కకు ఏంగాదు. లొల్లి జెయ్యకు."

డాక్టరు మాత్ర పెంచాడు, తర్వాత ఇంకోటి చేర్చాడు. బీపీ దిగలేదు. ఈ కాలం మందుల్లోనే బలం లేదని సత్యనారాయణ తీర్మానించాడు. రాత్రుళ్ళు సుశీల లేచి మొగుడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. నేను ఫోనులో అరిచేదాన్ని: "డాక్టరుకన్న జెప్పవే! మొగడు పోతే ఇంటి పరువు నెత్తిన వెట్టుకొని ఊరేగుతవా?" అటునుంచి ఏడుపు. "అందరికి తెలుస్తదక్కా. అత్తమ్మ బతకది. దుకాణంల గుడి వంటోళ్ళు ఇగ అడుగువెడతరా? బావ మమ్ములను వేరు పెడతడు. నువ్వు ఒట్టేసినవ్, యాదిల పెట్టుకో."

ఇంతలో మాణిక్యమ్మ ఎవరూ అనుకోని పని చేసింది. కన్యకా పరమేశ్వరమ్మ గుళ్ళో నిలబడి, కొడుకు బీపీ దిగేదాకా ఉప్పు ముట్టనని మొక్కుకుంది. ఇంటికొచ్చి తన కంచం పక్కనుంచి ఉప్పు గిన్నెను జరిపేసింది. డెబ్బై దాటిన మనిషి, తనకే బీపీ మాత్రలున్నాయి, నీళ్ళు లాగేసే మాత్ర కూడా అందులో ఉంది. వద్దంటే వింటుందా? "వానికి లేని ఉప్పు నాకెందుకురా" అంది. అమరనాథ్ ఆ మాట విని తలుపు వేసుకుని ఏడ్చాడట. ఏడ్చి, గురువారం జల్‌పల్లి పోయాడు. నాకు ఆ సంగతి తెలిసిన రోజు ఆయన ఎదురుగా ఉంటే ఏమై ఉండేదో చెప్పలేను.

తల్లి చప్పటి అన్నం తింటోంది, కొడుకు ఉప్పు చేప తింటున్నాడు, మధ్యలో సుశీల ఇద్దరికీ వడ్డిస్తోంది. వారాలు గడిచేకొద్దీ ముసలామె నడక తూలింది. మాట ముద్దగా వచ్చేది. ఒకరోజు దుకాణం తాళాలు బియ్యం డబ్బాలో పెట్టింది. ఇంకో రోజు సుశీలను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచి, "నాగమణీ, నాయిన బండి కట్టిండా?" అని అడిగింది. వయసు మీద పడిందన్నారు అందరూ. ఒక పొద్దున వంటింటి గడప దగ్గర పడిపోయింది.

మలక్‌పేటలోని ఆసుపత్రికి నేనూ పరుగెత్తాను. అక్కడి డాక్టరమ్మ చిన్న పిల్ల, గట్టిగా మాట్లాడింది. "ఒంట్లో ఉప్పు పూర్తిగా పడిపోయింది. సెలైన్‌లో మెల్లగా ఎక్కిస్తున్నాం. కానీ ఇంటికి పోయి మళ్ళీ మానేస్తే ఫిట్స్ వస్తాయి, ఆమె దక్కదు" అంది.

రెండు రోజులకు మాణిక్యమ్మకు మాట తేటపడింది. గంజిలో ఉప్పు వేసి తెస్తే వాసన చూసి కాదు, నాలుక చివర తాకించి కనిపెట్టి, పళ్ళు బిగబట్టింది. సత్యనారాయణ బతిమాలాడు. మొక్కుకు పరిహారం ఉంటుందని పూజారితో ఫోనులో చెప్పించాడు. ఆమె కళ్ళు మూసుకుంది. "వాని బీపీ దిగిందా? దిగలే. ఇగ నాకు జెప్పకుండ్రి."

అమరనాథ్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. అప్పుడు సుశీల గంజి గిన్నె బల్ల మీద పెట్టింది. చెప్పేయబోతోందని నాకు అర్థమై దాని చెయ్యి పట్టుకున్నాను.

"అత్తమ్మా, మీరు ఎన్ని దినాలు ఉప్పు మానేసినా ఆయన బీపీ దిగది. ఆయన ఎండుచేపలు తింటడు."

ముందు కదిలినవాడు సత్యనారాయణ. గది తలుపు వేసి గడియ పెట్టాడు. వ్యాపారి బుద్ధి, ఎవరైనా విన్నారేమోనని.

"ఏం చేపలు?" అంది మాణిక్యమ్మ.

"దుబాయ్‌ల అలవాటైంది. జల్‌పల్లి ప్లాటు కాడ తింటడు. అండ్ల అంతా ఉప్పే. గందుకే మందులు పనిజేస్తలెవ్వు."

"ఎవరు వండిన్రు?"

"నేనే."

ఆమె కొడుకు వైపు చూసింది. "అవ్నారా?" ఆయన తల ఊపాడు. తినేటప్పుడు తెరిచిన నోరు అప్పుడు తెరుచుకోలేదు.

సుశీల ఏడుస్తూ, "మీకు వాసన తెలుస్తదని ఆదివారం ఆదివారం సచ్చిన అత్తమ్మా" అంది.

మాణిక్యమ్మ కోడలి వైపు తిరిగింది. "నాకెక్కడి వాసన?" అంది. "కరోనాల పోయింది, మళ్ళ రాలే. ఇంగువను వేళ్ళతోని నలిపి, రంగు జూసి చెప్తున్న." సత్యనారాయణ మంచం అంచున కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళు ఆ ముక్కును నమ్మి కొన్న సరుకంతా ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటుంది. నాకు మాత్రం మా చెల్లెలి తడి జుట్టు, మా ఇంట్లో నానిన కుంకుడుకాయలు కళ్ళ ముందు తిరిగాయి. పనిచేయని ముక్కుకు భయపడి అది సగం మనిషైపోయింది.

సుశీల గంజి గిన్నె తీసుకుని దగ్గరికి పోయింది. మాణిక్యమ్మ ముఖం తిప్పుకుంది. "గా నర్సు పిల్లను పిలువు" అంది. కేరళ పిల్ల వచ్చి స్పూనుతో ఉప్పు గంజి పట్టింది, ఆమె తాగింది. ఆ పిల్ల పొద్దున టిఫిన్ డబ్బాలో ఏం తెచ్చుకుందో నా ముక్కుకు తెలుసు, నేను నోరు మూసుకున్నాను. కడుపులోకి ఉప్పు పోయింది, అది చాలు.

గిన్నె ఖాళీ అయ్యాక ఆమె చిన్న కొడుకుకు తీర్పు చెప్పింది. "అమ్మవారికి మాటిచ్చిన, తప్ప. నువ్వు చేప ముట్టని దినం నేను ఉప్పు తింట. ముట్టిన దినం ముట్ట."

"నీకెట్ల తెలుస్తదే అమ్మా?" అన్నాడు సత్యనారాయణ.

"సుశీలకు తెలుస్తది గదా. వాసన ఎట్లుంటదో దానికే ఎర్క."

ఇంటికొచ్చాక మాణిక్యమ్మ సుశీలను దేవుడి గదిలోకి రానివ్వలేదు. దీపం పెట్టడం, పూలు కోయడం అన్నీ ఆమే. కొడుకును మాత్రం ఏమీ అనలేదు, హారతి కూడా ఇచ్చింది. మగపుట్టుక పుట్టాడు కదా! సత్యనారాయణ వేరు పెట్టలేదు, బయట చెప్పొద్దని ఒట్టు మాత్రం వేయించుకున్నాడు. ఆ ఇంట్లో ఒట్లకు లోటు లేదు.

ఇక రోజూ రాత్రి భోజనానికి ముందు అమరనాథ్ పెరట్లో చెయ్యి కడుక్కుని భార్య ముందు చాపాలి. అది వేళ్ళు వాసన చూడాలి. మాణిక్యమ్మ కంచం ముందు కూర్చుని అడుగుతుంది: "చూసినవా?" ఇది "చూసిన అత్తమ్మా, ఏం లేదు" అంటుంది. అప్పుడు ఆమె ఉప్పు గిన్నె దగ్గరికి జరుపుకుంటుంది. ముసలి ప్రాణం తన ముక్కు మీద ఆధారపడి ఉందని సుశీలకు జలుబు చేస్తే కూడా భయమే. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆయన బీపీ దిగడం మొదలైంది, డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు కూడా.

మొన్న ఒక సాయంత్రం ఆయన ఆలస్యంగా వచ్చాడు. చెయ్యి చాపాడు. నిమ్మకాయ వాసన, దాని కింద తుయో వాసన. సుశీల తలెత్తి చూసింది. ఆయన కళ్ళతోనే చెప్పొద్దని బతిమాలాడు.

"చూసినవా?" అని లోపలినుంచి పిలుపు.

నిజం చెబితే ఆ పూట ముసలామె ఉప్పు ముట్టదు. మొండిది, రేపూ ముట్టదు, ఆ తర్వాత ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పే పంపింది. అబద్ధం చెబితే ఈయన రేపు మళ్ళీ పోతాడు, ఎల్లుండీ పోతాడు.

"ఏం లేదు అత్తమ్మా" అంది.

మాణిక్యమ్మ ఉప్పు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఎప్పుడూ అందరూ లేచాక తినే సుశీల ఆ రోజు తన కంచం కూడా తెచ్చుకుని మొగుడికి ఎదురుగా కూర్చుంది. చప్పటి పప్పు, చప్పటి కూర కలుపుకుంది. బావగారు ఉప్పు గిన్నె జరిపితే వెనక్కి జరిపేసింది.

"ఏమైంది పిల్లా? ఉప్పేసుకోవా?" అంది అత్తగారు.

"మొక్కుకున్న అత్తమ్మా."

"ఏం మొక్కు?"

"మీ కొడుకుకు ఎర్క" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

మర్నాడు నాకు ఫోను చేసి చెప్పింది. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయిందట. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన ముఖంలో భయం మొదటిసారి చూశానంది.

"ఎన్ని దినాలే గిట్ల?" అన్నాను.

"ఆయన చెయ్యి వాసన రానిదాంక."

"నీకేమన్నా అయితే?"

"నాకూ భయమైతుందక్కా" అంది. దాని గొంతు మాత్రం వణకలేదు, నాకు అదే భయమేసింది.

రోజూ పొద్దున్నే ఫోను చేస్తున్నాను. హలో అనడం కూడా మానేశాను, ఎత్తగానే ఉప్పు తిన్నవా అని అడుగుతున్నాను. "ఇంకా లేదక్కా" అంటోంది.